నిదానమే ప్రధానం.. బండలెక్కే రిమోట్ ట్రక్కు
కొనేముందు విడిభాగాల లభ్యత చూసుకోవాలి
మార్పులు టైర్లతో మొదలుపెట్టడం మేలు

రిమోట్ బండి అనగానే దుమ్ము రేపుతూ దూసుకుపోయే కారే గుర్తుకొస్తుంది. రాక్ క్రాలర్ ఇందుకు పూర్తిగా భిన్నం. మనిషి నడక కన్నా నెమ్మదిగా కదులుతూ, ఒక్కొక్క చక్రమే మోపుతూ బండరాళ్లు ఎక్కడం దీని పని. అమెరికాలో జీపులతో రాతి కొండలెక్కే క్రీడకు ఇది సూక్ష్మరూపం. తొలినాళ్లలో ఔత్సాహికులు జపాన్‌కు చెందిన టమియా సంస్థ ట్రక్కుల ఇరుసులతో సొంతంగా వీటిని తయారు చేసుకునేవారు. 2009లో ఆక్సియల్ సంస్థ ఎస్‌సీఎక్స్10ను, 2017లో ట్రాక్సస్ సంస్థ టీఆర్‌ఎక్స్-4ను విడుదల చేశాక అసలు జీపులను పోలిన నమూనాలకు ఆదరణ పెరిగింది.

ఆటబొమ్మా.. అసలు క్రాలరా?

పెద్ద చక్రాలు, ఎత్తైన స్ప్రింగులు ఉన్న ప్రతి బొమ్మా క్రాలర్ అనుకుంటే పొరపాటే. సాధారణ వాహనాల్లో మలుపు తిరిగేటప్పుడు రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగేందుకు డిఫరెన్షియల్ ఉంటుంది. రాళ్లపై అదే గుదిబండ. ఒక చక్రం గాలిలోకి లేస్తే అదే గిర్రున తిరుగుతుంది, నేలను పట్టుకున్న చక్రం కదలదు. అందుకే క్రాలర్లలో డిఫరెన్షియల్‌ను లాక్ చేస్తారు. దీన్ని తెలుసుకోవడం సులువు. బండిని పైకెత్తి ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. అదే ఇరుసుపై ఉన్న రెండో చక్రం కూడా అదే దిశలో తిరిగితే లాక్ ఉన్నట్లు. ట్రిగ్గర్‌ను కొద్దిగా నొక్కితే కొద్దిగానే కదలాలి. నొక్కగానే పూర్తి వేగం అందుకునేవి పిల్లల బొమ్మలే.

సొంత రాళ్ల గుట్టకు, ఆరుబయటకు 1/10 పరిమాణం అనువైనది. ఇంటి ఆవరణలో పేర్చిన రాళ్లపై నడిపేందుకు దాదాపు 20 సెంటీమీటర్ల పొడవుండే 1/24 బండి చాలు. ఆటవస్తువులపై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. గేర్లు, ఇరుసులు విడిగా దొరకని బండిని కొంటే ఒక్క పన్ను విరిగినా మొత్తం మూలన పడుతుంది.

మార్పులకూ వరుస ఉంది

తొలి ఖర్చు టైర్లపైనే పెట్టాలి. మెత్తని రబ్బరు రాతి అంచులను హత్తుకుంటుంది. వీటిలో గాలి నింపరు. లోపల స్పాంజి ఉంటుంది, గాలి బయటకు పోయేందుకు చిన్న రంధ్రాలుంటాయి.

తర్వాతిది బరువు. ఏటవాలు ఎక్కేటప్పుడు భారం వెనక్కు జారి ముందు చక్రాలు తేలిపోతాయి. అందుకే బ్యాటరీని ముందుకు జరపడం, ముందు ఇరుసుకు ఇత్తడి భాగాలు బిగించడం చేస్తారు. మొత్తం బరువులో సుమారు 60 శాతం ముందువైపు ఉండేలా చూస్తారు. బరువు ఎంత కిందికి ఉంటే బండి అంత నిలకడగా ఉంటుంది. పైకప్పుపై సామాను పేర్చితే చూడముచ్చటగా ఉంటుంది గానీ బోల్తా కొట్టక తప్పదు.

బరువు పెరిగితే ముందు చక్రాలను తిప్పే సర్వో మోటారుపై ఒత్తిడి పడుతుంది. 1/10 బండికి లోహపు గేర్లతో, 20 కిలోల టార్క్ తరగతికి చెందిన సర్వో అవసరం. దానికి తగిన కరెంటు అందకపోతే రిసీవర్ ఆగి, బండి మధ్యలోనే నిలిచిపోతుంది.

చివరిది మోటారు. తీగ చుట్లు ఎక్కువున్న మోటారు నెమ్మదిగా, అదుపుగా తిరుగుతుంది. 35 నుంచి 55 చుట్లవి ఎక్కువగా వాడతారు. మోటారుకు చిన్న గేరు బిగిస్తే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది, వేడి తగ్గుతుంది.

బ్యాటరీతో చెలగాటం వద్దు

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్‌ను 4.2 వోల్టులకు మించి ఛార్జి చేయరాదు. 3 వోల్టుల కన్నా దిగనివ్వరాదు. సెల్‌లన్నింటినీ సమానంగా నింపే ఛార్జరునే వాడాలి. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం, బయటకు వెళ్లడం ప్రమాదకరం. ఉబ్బిన బ్యాటరీని తిరిగి వాడితే మంటలు చెలరేగవచ్చు. పిల్లల చేతికిచ్చే బండికి నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ మేలు.

తెలంగాణ, రాయలసీమ గ్రానైట్ గుట్టల గరుకుదనం టైరుకు మంచి పట్టునిస్తుంది, అంతే త్వరగా అరగదీస్తుంది. రాతిపొడి బేరింగుల్లో చేరకుండా ఆట ముగిశాక కుంచెతో దులపాలి. పనులు సాగుతున్న క్వారీల జోలికి వెళ్లరాదు.

కొన్న బండిని తొలుత ఉన్నదున్నట్లే నాలుగైదుసార్లు నడిపి చూడాలి. జారితే టైర్లు, వెనక్కు పడితే బరువు, చక్రం తిరగకపోతే సర్వో, లాగలేకపోతే గేరు మార్చాలి. లోపం తెలియకుండా కొన్న ప్రతి భాగమూ చేతి చమురు వదిలించేదే.