లంద నుంచి ల్యాబ్ దాకా

హైడ్రోజన్ సల్ఫైడ్ అణుభారం 34. గాలి సగటు అణుభారం 29. అంటే ఆ వాయువు గాలికన్నా బరువైనది. గాలి ఆడని గోతిలో అది అడుగున నిలుస్తుంది. హైడ్రోజన్‌కు ఒకటి చొప్పున రెండు, గంధకానికి 32 కలిపితే వచ్చే ఈ లెక్క సాధారణ రసాయన శాస్త్రం తొలి పాఠాల్లోనే ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే ప్రమాదమని చాలామందికి తెలుసు. అయితే గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాల మేరకు ఆ వాయువు చేరేసరికి ముక్కు మొద్దుబారి, ఆ వాసనే తెలియకుండా పోతుంది. అడుగున పేరుకున్న మురుగును కదిలిస్తే, అందులో చిక్కుకున్న వాయువు మూత తీసిన సోడాలోంచి వచ్చినట్లు ఒక్కసారిగా పైకి వస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగేది ఏ కులాలవారో ఈ దేశంలో వేరే చెప్పనక్కర్లేదు. దిగమని ఆదేశించేవారికి ఈ లెక్క తెలిసే అవకాశం ఉంది. దిగేవారి ఇంటికి మాత్రం అది తరతరాలుగా చేరలేదు. రసాయన శాస్త్రం ఎవరికి అందింది అనేది కుల ప్రశ్న కావడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఆ పాఠం నేడు ఫోన్‌లో దొరుకుతోంది. తన కోర్సుల పాఠ్యసామగ్రిని ప్రపంచానికి ఉచితంగా ఇస్తానని అమెరికాలోని ఎంఐటీ 2001లో ప్రకటించింది. అక్కడి తొలి ఏడాది విద్యార్థులు వినే రసాయన శాస్త్ర ఉపన్యాసాలను ఇప్పుడు పాలమూరులోనో పార్వతీపురంలోనో కూర్చుని వినవచ్చు. మన ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్‌ను ప్రారంభించాయి. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ వేదికను తెచ్చింది. పరమాణు నిర్మాణం, రసాయన బంధం, మోల్ భావన, ఆమ్ల క్షారాలు, సమతాస్థితి వంటి పునాది అంశాలన్నీ రుసుము లేకుండా నేర్చుకునే వీలు కలిగింది.

ఈ మార్పును తక్కువ చేసి చూడరాదు. తెర మీది అధ్యాపకుడు ఇంటిపేరు అడగడు. ముందు బల్ల, వెనుక బల్ల అన్న తేడా అక్కడ లేదు. మోల్ భావన మొదటిసారి అర్థం కాకపోతే పదిసార్లు వినవచ్చు. ‘ఇది కూడా తెలియదా’ అనే చూపు ఎదురుకాదు. ఇంట్లో తొలిసారి కళాశాల గడప తొక్కిన విద్యార్థికి ఆ చూపు ఎంత బరువో అనుభవించినవారికే తెలుస్తుంది. ఎయిమ్స్‌లో వివక్షపై 2007లో నివేదిక ఇచ్చిన థోరాట్ కమిటీ ముందు దళిత, ఆదివాసీ విద్యార్థులు చెప్పుకున్న బాధల్లో ప్రాక్టికల్, వైవా పరీక్షల్లో ఎదురైన వివక్ష కూడా ఉంది. మనిషి ముఖం చూసి మార్కులు వేసే చోటుతో పోలిస్తే, యంత్రం దిద్దే క్విజ్ కొంత న్యాయమైనదే.

అయితే రసాయన శాస్త్రం వినడంతో పూర్తయ్యే విద్య కాదు. అది చేతితో తాకి నేర్చుకునే విద్య. బ్యూరెట్‌లోంచి జారే చివరి బొట్టుతో ద్రావణం రంగు మారే క్షణాన్ని కంటితో పట్టుకోవాలి. తూకంలో ఎక్కడ పొరపాటు జరిగిందో తన చేతికే తెలియాలి. సరిగ్గా ఈ తాకడం దగ్గరే కులం కాపలా కాసింది. చిన్ననాటి బడిలో అంబేడ్కర్ కుళాయిని ముట్టుకోరాదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే ఆయనకు నీళ్లు. ఆ బంట్రోతు లేని రోజున దాహంతోనే ఉండాలి. కుళాయి తిప్పకుండా ఏ ప్రయోగశాలలోనైనా ఏ ప్రయోగం మొదలవుతుంది?

తలకూ చేతికీ మధ్య కులం పెట్టిన ఈ ఎడమే భారతదేశంలో విజ్ఞానాన్ని దెబ్బతీసిందని మొదట గట్టిగా చెప్పినవారిలో ఒక రసాయన శాస్త్రవేత్త ఉన్నారు. ప్రఫుల్ల చంద్ర రే 1902లో వెలువరించిన హిందూ రసాయన శాస్త్ర చరిత్ర తొలి సంపుటంలోనే ఈ వాదన ఉంది. చేతిపనులను కింది కులాలకు వదిలేసి, పై కులాలు వాటినుంచి తప్పుకోవడంతో ‘ఎలా’, ‘ఎందుకు’ అని అడిగే బుద్ధి క్షీణించిందని ఆయన తేల్చారు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన వద్ద చదివిన మేఘనాద్ సాహా, కులం పేరిట హాస్టల్‌లో వేరుగా కూర్చుని తినాల్సి వచ్చిన విద్యార్థి. అదే సాహా నక్షత్రాల వేడిలో పరమాణువులు అయాన్లుగా విడిపోవడాన్ని ఒక రసాయన సమతాస్థితిగా భావించి, 1920లో తన సమీకరణాన్ని ప్రకటించారు. పంక్తిలో చోటివ్వని సమాజానికి ఆయన నక్షత్రాల గుట్టు విప్పి చూపారు.

మరి చేతిపని చేసిన కులాల దగ్గర శాస్త్రం లేదా? మాదిగల లందను చూడండి. పచ్చి తోలును సున్నపు నీటిలో నానబెడితే వెంట్రుకలు వదులై ఊడివస్తాయి. ఆ తర్వాత తంగేడు చెక్క రసంలోని టానిన్లు తోలులోని ప్రోటీన్‌తో బంధం ఏర్పరచుకుని, కుళ్లిపోవలసిన చర్మాన్ని ఏళ్ల తరబడి నిలిచే తోలుగా మారుస్తాయి. రజకులు వాడిన చౌడు మట్టిలోని సోడా, బట్టలకు పట్టిన జిడ్డును వదలగొట్టింది. క్షారాలు, గాఢత, ప్రోటీన్ల రసాయనం ఇందులోనే ఉన్నాయి. ఈ పనులను శాస్త్రంగా గుర్తించాలని కంచ ఐలయ్య ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చారు. లందలో చేయి పెట్టినవారిని ఊరు అంటరానివారన్నది. అదే చర్యను గాజు బీకరులో చేసినవారిని శాస్త్రవేత్తలన్నది.

ఆన్‌లైన్ కోర్సు ఈ చీలికను పూడ్చగలదా? ఇప్పుడున్న రూపంలో పూడ్చలేదు. అది తలకు కావలసింది ఇస్తోంది, చేతికి ఇవ్వడం లేదు. వీడియోలో టైట్రేషన్ చూసిన విద్యార్థికి రంగు మారడం తెలుస్తుంది, మార్చడం రాదు. సొంత ల్యాబ్ ఉన్న కార్పొరేట్ కళాశాల విద్యార్థికి ఈ కోర్సు అదనపు బలం. గాజు సామాను బీరువాలో తాళం వేసి ఉన్న కళాశాల విద్యార్థికి అదే సర్వస్వం. ఒకే పాఠం ఇద్దరికీ అందినా, ఇద్దరూ ఒకే చోటికి చేరరు.

భాష మరో గోడ. ఇంగ్లీషు వద్దనడం మన వాదన కాదు. దళిత బహుజనులకు ఇంగ్లీషు అవసరమే. కానీ తెలుగు మాధ్యమంలో ‘సమతాస్థితి’ అని చదివిన పిల్ల ‘ఈక్విలిబ్రియం’ అన్న మాట దగ్గర ఆగిపోతే, ఆమె ఓడింది రసాయన శాస్త్రంలో కాదు. రెండు మాటలనూ పక్కపక్కన ఉంచే ఉపశీర్షికలు, పదకోశాలు ఆ గోడకు తలుపు పెడతాయి. పరీక్ష సంగతీ ఉంది. స్వయంలో చేరడం ఉచితమే అయినా, సర్టిఫికెట్ కోసం రుసుము కట్టి, నిర్ణీత కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. కూలికి వెళ్లే ఇంట్లో ఆ రోజు ప్రయాణ ఖర్చూ, పోయిన కూలీ కూడా రుసుములో భాగమే.

ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా పూర్తి చేయవచ్చని 2021 నాటి యూజీసీ నిబంధనలు అనుమతించాయి. ఈ అనుమతి అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంచడానికీ, ల్యాబులు మూయడానికీ సాకు కాకూడదు. విద్యార్థి సంఘాలు అడగవలసిన కోర్కెలు స్పష్టంగానే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో రసాయన శాస్త్రం నేర్చుకునే ప్రతి విద్యార్థికీ సెలవుల్లోనూ, ఆదివారాల్లోనూ దగ్గరి ప్రభుత్వ కళాశాల ప్రయోగశాల తెరవాలి. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, బీసీ హాస్టళ్లలో వారానికోసారి సందేహాలు తీర్చే అధ్యాపకుడిని నియమించాలి. పరీక్ష రుసుమును, దారి ఖర్చును ప్రభుత్వమే భరించాలి. మురుగునీటి రసాయనాన్నీ, తోలు రసాయనాన్నీ తొలి ఏడాది పాఠాల్లోనే చేర్చాలి.

మనుషులచేత పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం, రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి దింపడాన్నీ నేరం చేసింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మరణాలకు పది లక్షల పరిహారం విధించింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పరిహారం మరణం తర్వాత వస్తుంది. 34కూ 29కీ ఉన్న తేడా తెలిసిన పిల్ల ఆ ఇంట్లోనే ఉంటే, తండ్రిని దిగమన్న కాంట్రాక్టరును గ్యాస్ కొలిచే మీటర్ ఎక్కడని ముందే నిలదీస్తుంది. ఆ పిల్లకు పాఠంతో పాటు ప్రయోగశాల తాళం చెవి కూడా అందాలి.