బండెక్కిన సూరీడు

రిషికొండ దగ్గర బండి ఆపుకుని అలల చప్పుడు వింటూ ఓ రాత్రి గడిపేయాలి. పొద్దున్నే అక్కడే వేడివేడిగా ఇడ్లీ వేసుకుని తిని, మధ్యాహ్నానికల్లా అనంతగిరి ఘాట్ ఎక్కేయాలి. హోటల్ గదుల కోసం తిరగక్కర్లేదు, సామాను దించి ఎక్కించే పని లేదు. వింటుంటేనే ఎంత హాయిగా ఉందో కదూ! అంతా బాగానే ఉంది కానీ, ఆ రాత్రి బండిలో ఫ్యాను తిరగడానికి కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది?

మొన్నమొన్నటిదాకా మనకు కారవాన్ అంటే సినిమావాళ్ల బండే. షాటు షాటుకీ మధ్య హీరోగారు విశ్రాంతి తీసుకునే చల్లని గది, దాని పక్కనే బర్రుమనే జనరేటరు. ఇప్పుడు ఆ ముచ్చట కుటుంబాలకూ పాకింది. 2021లో కేరళ కారవాన్ పర్యటకాన్ని మొదలుపెట్టింది. 2025లో ఆంధ్రప్రదేశ్ కూడా దీనికంటూ ఓ విధానం తెచ్చింది. అద్దె బండ్ల సంగతి అలా ఉంచితే, టెంపో ట్రావెలర్‌నో పాత వ్యానునో కొని సొంతంగా ఇల్లులా మార్చుకోవాలనుకునే వాళ్లు ముందుగా చూసేది బండి నెత్తివైపే. అక్కడ రెండు సోలార్ పలకలు బిగించేస్తే పెట్రోలు వాసన లేకుండా, చప్పుడు లేకుండా కరెంటు వచ్చేస్తుందని ఆశ. వస్తుంది కూడా. కాకపోతే ఎంత వస్తుందన్నదగ్గరే లెక్కలు తప్పుతుంటాయి.

ఎండకేం కొదవ?

విశాఖకు పలకలు కొత్తేం కాదు. ముడసర్లోవ జలాశయం మీద 2018 నుంచీ అవి తేలుతూనే ఉన్నాయి. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం రిజర్వాయరు మీద 2021 ఆగస్టులో ఎన్టీపీసీ ఏకంగా 25 మెగావాట్ల తేలే ప్లాంటు పెట్టింది. బొగ్గు మండించే చోటే సూర్యుడికీ కాస్త జాగా ఇచ్చారన్నమాట!

ఇక ఎండ అంటారా... మే రెండో వారంలో ఓ రోజు, మళ్లీ ఆగస్టు మొదట్లో ఓ రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా విశాఖ నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్రకు నీడే కనిపించదు. అందుకే ఇక్కడ బండిపైన పలకను ఏటవాలుగా కాకుండా పడుకోబెట్టి బిగించినా పెద్ద నష్టం లేదు. డిసెంబరులో మాత్రం సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు కాబట్టి మధ్యాహ్నం కూడా నాలుగో వంతు దాకా తగ్గుతుంది.

అయితే ఎండ వేరు, వేడి వేరు. పలకకు వెలుగు కావాలి కానీ సెగ పడదు. పాతిక డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకీ దాని శక్తి ఒక శాతంలో మూడో వంతు చొప్పున తగ్గుతూ ఉంటుంది. మే ఎండలో పలక 65 డిగ్రీలకు కాగిందంటే ఏడో వంతు కరెంటు అక్కడే ఆవిరి! అందుకే రేకుకు అతికించినట్టు కాకుండా కింద రెండు మూడు అంగుళాల ఖాళీ వదిలి బిగించాలి. గాలి ఆడి పలక చల్లబడుతుంది, దాని నీడ పడి బండి లోపల కూడా కాస్త చల్లగా ఉంటుంది.

ఒకటిన్నర యూనిట్ల సంసారం

టెంపో ట్రావెలర్ లాంటి బండికి పైకప్పు మరీ విశాలమేం కాదు. గాలి రావడానికి ఓ కిటికీ, అంచుల్లో జాగా వదిలేస్తే 400 వాట్ల పలకలు సులువుగా పడతాయి. ఇరికిస్తే ఇంకో రెండొందల వాట్లు. విశాఖలో మంచి ఎండ రోజున 400 వాట్ల నుంచి రెండు యూనిట్లు రావాలి. వేడి, దుమ్ము, వైర్లు, ఛార్జింగు... ఇవన్నీ తమ వాటా తినేయగా చేతికి మిగిలేది సుమారు ఒకటిన్నర.

అందులోనే సంసారం ఈదాలి. 25 వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే అర యూనిట్. పాలూ పెరుగూ నీళ్లూ పట్టే చిన్న డీసీ ఫ్రిజ్‌కు మరో అర యూనిట్. నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, నలుగురి ఫోన్లు, నీళ్ల మోటారు, పొద్దున్నే చట్నీకి మిక్సీ ఓ ఐదు నిమిషాలు... అన్నీ కలిపితే ఒకటింబావు. హమ్మయ్య, సరిపోయింది! కానీ ఇండక్షన్ పొయ్యి ఒక్క గంట వెలిగిస్తే చాలు, ఆ రోజు రాబడి మొత్తం హుష్‌కాకి. కాబట్టి ఇడ్లీ గ్యాసు మీదే.

మరి ఏసీ? అందరూ అడిగేది అదే. ఎండకు కాగే ఇనుప రేకు డబ్బాను టన్ను ఏసీతో రాత్రంతా చల్లబరచాలంటే ఐదారు యూనిట్లు కావాలి. అన్ని పలకలు పట్టే కప్పు ఆ బండికి లేదు, అంత కరెంటు దాచే బ్యాటరీ ఖరీదు మామూలుగా ఉండదు. పైన పలకలున్నాయి కాబట్టి లోపల ఏసీ ఉచితమేనని ఎవరైనా అమ్మజూపితే, పలకలు ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని యూనిట్లు అని రెండే ప్రశ్నలు అడగండి చాలు.

మన రైల్వే ఈ పరిమితిని ముందే గుర్తించింది. 2017 జులైలో దిల్లీలో పట్టాలెక్కిన సోలార్ డెము రైల్లో ఒక్కో పెట్టెపైన 300 వాట్ల పలకలు పదహారు పెట్టారు. అయినా రైలును లాగింది డీజిల్ ఇంజినే. సూర్యుడికి అప్పగించిన పని దీపాలు, ఫ్యాన్లు, అంతే.

సూర్యుడితోనే బండి నడపలేమా అంటే, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విద్యార్థులు నడిపి చూపించారు. 2021లో వాళ్లు తయారుచేసిన 'స్టెల్లా వీటా' అనే క్యాంపర్ స్పెయిన్ దక్షిణ కొస దాకా వెళ్లింది. ఆగినప్పుడు దాని కప్పు రెక్కల్లా విచ్చుకుని పలకల వైశాల్యం 17.5 చదరపు మీటర్లవుతుంది. పాత వ్యానుకు రెక్కలు తగిలించడం మాత్రం మన షెడ్డులో అయ్యే పని కాదులెండి.

నీడా? కరెంటా?

భీమిలి రోడ్డులో మంచి చెట్టు కనిపించింది. బండి ఆపితే లోపల ప్రాణం లేచొస్తుంది, పైన పలకలు పస్తుంటాయి. పూర్తి నీడే అక్కర్లేదు, ఒక్క కొబ్బరి మట్ట నీడ అడ్డంగా పడినా వరుసగా కలిపిన పలకల రాబడి సగానికి పడిపోవచ్చు. అందుకని కొందరు ఓ చిట్కా పాటిస్తారు. కప్పుమీద కొన్ని పలకలే బిగించి, మడతపెట్టే పలక ఒకటి విడిగా ఉంచుకుంటారు. బండి నీడలో, పలక ఎండలో, మధ్యన పొడవాటి వైరు!

అరకులో చలికాలం వెళ్తే కథ వేరు. పొగమంచు విడిచేసరికి పొద్దెక్కుతుంది, కొండ చాటున సాయంత్రం తొందరగా వాలిపోతుంది. వానాకాలమైతే సగం కూడా రాదు. అలాంటప్పుడు ఆదుకునేది బండి ఇంజినే. ఘాట్ ఎక్కే రెండు మూడు గంటల్లో ఆల్టర్నేటర్ నుంచి రెండో బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించే డీసీ కన్వర్టర్ ఒకటి పెట్టించుకుంటే దిగులుండదు.

ఉప్పుగాలితో పేచీ

హైదరాబాద్‌లో చేసిన పనిని ఇక్కడ అలాగే చేస్తే రెండేళ్లకు చేతికొస్తుంది... తుప్పు! పలక చట్రం అల్యూమినియం, బండి కప్పు ఇనుము. రెండూ తగులుతూ మధ్యలో ఉప్పుతేమ చేరిందంటే అది చిన్నపాటి బ్యాటరీయే. కరెంటు ఇవ్వదు సరికదా, అల్యూమినియాన్ని కొరుక్కు తింటుంది. ఓడలూ బోట్లకు వాడే 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు, లోహానికీ లోహానికీ మధ్య రబ్బరు వాషర్లు... ఖర్చు కొన్ని వందలు పెరిగినా ఇక్కడ కక్కుర్తి పడకూడదు. గాజువాక ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డుల్లో దొరికే పాలీయురేథేన్ సీలెంటుతో ప్రతి రంధ్రాన్నీ మూయించాలి. డ్రిల్లు చేసిన అంచుకు ముందు ప్రైమర్ పూయకపోతే నీళ్లు కారకపోయినా లోలోపల రేకు కుళ్లిపోతుంది.

పోర్టు చుట్టుపక్కల, పాతనగరంలో బండి నిలిపేవాళ్లకు మరో బెడద, ధూళి. బొగ్గు, ఇనుప ఖనిజం పొడి గురించి అక్కడివాళ్ల గోడు దశాబ్దాలనాటిది. అది పలకలనూ వదలదు. పొద్దున్నే, పలక వేడెక్కకముందే మంచినీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడిస్తే సరి.

కనిపించని ప్రమాదం

పలకలు కనిపిస్తాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు. ప్రమాదం ఉండేది సీటు కింద. 12 వోల్టుల దగ్గర 400 వాట్లంటే ముప్ఫై ఆంపియర్ల పైమాటే. ఇంట్లో బల్బుకు లాగే సన్న వైరు వేస్తే కాలి, మంటలు రేగొచ్చు. లావాటి రాగి వైరు, బ్యాటరీని ఆనుకునే ఫ్యూజు తప్పనిసరి. ఇన్వర్టర్‌కు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ చవకే కానీ, ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. పిల్లలు పడుకునే మూసిన బండిలో దాన్ని పెట్టకూడదు. బరువూ ఎక్కువ, అందులో సగానికి మించి వాడుకుంటే ఆయుష్షు తగ్గుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానిది ఖరీదైనా తేలిక, దాచిన దాంట్లో ఎక్కువ భాగం తిరిగిస్తుంది.

బిగించే ముందు రవాణా కార్యాలయంలో ఓ మాట అడగడం మంచిది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. వ్యానును కారవాన్‌గా మారిస్తే ఆర్‌సీలో ఎక్కాలి. బీమా కంపెనీకీ ముందే చెప్పాలి.

హుద్‌హుద్ గుర్తుందా?

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు 30 కిలోల దాకా ఉంటుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు వీచిన 180 కిలోమీటర్ల గాలికి ఆ లెక్కన 150 కిలోలు! కాబట్టి జిగురు ఒక్కదాన్నే నమ్ముకోకుండా పలకకు కనీసం నాలుగు చోట్ల బోల్టులు పడాలి. ముందువైపు గాలిని పైకి మళ్లించే చిన్న రేకు ఉంటే ఇంకా మంచిది.

ఆ తుపాను తర్వాత నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. ఫోన్లో రెండు గీతల ఛార్జింగు కోసం జనరేటరున్న ఇళ్ల ముందు జనం గుమిగూడారు. ఇప్పుడు పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక డాబాలమీద పలకలు పెరిగాయి. కానీ బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన ఆ పలకలు వీధిలో కరెంటు పోగానే తామూ ఆగిపోతాయి. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా ఏర్పాటు చేశారు. బండిమీది పలకలకు ఆ బంధం లేదు. తుపాను వెలిసి ఎండ కాసిన మొదటి రోజే పని మొదలుపెడతాయి. ఒక్కో ఫోనుకు 15 వాట్-అవర్లు వేసుకున్నా, ఒక్క యూనిట్‌తో అరవై ఫోన్లు నిండుతాయి. ఒక వీధి మొత్తానికి సరిపోతుందన్నమాట. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే బండిని బీచ్ రోడ్డు నుంచి తప్పించి గట్టి గోడ చాటున, చెట్లకూ హోర్డింగులకూ దూరంగా పెట్టుకోవాలి. మడత పలకను మాత్రం ఇంట్లోకి తెచ్చేసుకోవాలి.