అరగంట దూరానికి గంట ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటిన విజయవాడ బస్సు రోడ్డు ఎటు తిరిగితే అటే తిరగాలి. విమానానికి ఆ బాధ లేదు. శంషాబాద్ నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి తిన్నగా గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లే. చిన్న ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. అంటే అరగంట చాలాలి. మరి టికెట్ మీద గంట, ఆపైన ఎందుకుంటుంది?

ఆ గంటంతా గాల్లో ఉండేది కాదు. ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా మెల్లగా వెళ్లాలి, వంతు కోసం ఆగాలి. పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. ఎక్కీ ఎక్కగానే దిగడం మొదలు! పైగా గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి ఒక్కోసారి చుట్టు తిరిగి రావాలి.

శంషాబాద్ చేరడం, తనిఖీలు కూడా కలిపితే, ఎల్బీనగర్ వాళ్లకు బస్సు మరీ అంత వెనకబడదు.