దమ్ముచేలో తెగిన వాల్వు

ధవళేశ్వరమువద్ద 1847లో మొదలై 1852లో ముగిసిన కాటన్ దొర ఆనకట్టవలన గోదావరి జలము ఏ కాలువల వెంట పంటభూములకు పారుచున్నదో, ఆ కాలువల క్రింది చేలలో సార్వా (ఖరీఫ్) పంటకు ఒకమారు, దాళ్వా (రబీ) పంటకు మరియొకమారు దమ్ము సాగును. నిలువనీటిలో నేలను కలియదున్ని, బెడ్డలను రేణువులుగా విడగొట్టి, ఆ రేణువులు క్రిందికి దిగి గట్టిపొరగా పేరుకొనునట్లు చేసి, పైనున్న నీరు ఇంకిపోకుండ నిలుపుటయే దమ్ముయొక్క ప్రయోజనము. పూర్వము ఎడ్లును దున్నపోతులును చేసిన ఈ పనిని నేడు ట్రాక్టరు చేయుచున్నది. రోడ్డు విడిచి నడచు వాహనములనగానే ఎడారులలో పరుగులిడు జీపులు మనస్సునకు తోచుట సహజమే గాని, మండపేట మొదలు భీమవరము వరకు మోకాలిలోతు ఒండ్రులో దిగి తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువరకు పెనగులాడు ట్రాక్టరును మించిన అట్టి వాహనము మనకు వేరొకటి లేదు. దాని బరువునంతయు మోయుచున్నది టైరులోని గాలి. ఆ గాలిని నిలిపియుంచునది చిటికెనవ్రేలంతటి వాల్వు. దమ్ములు ముమ్మరముగా సాగు దినములలో ఆ వాల్వు తెగినచో, కూలీలు, నారు, కాలువ వంతు, అన్నియు దానికొరకు ఆగవలసినదే.

1845లోనే రాబర్ట్ తామ్సన్ గాలిటైరునకు పేటెంటు పొందినను, 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొరకు దానిని మరల కల్పించినంతవరకు అది లోకమున వ్యాపింపలేదు. గాలిని లోనికి పోనిచ్చి వెలికి రానీయని సాధనము అప్పుడు అవసరమైనది. సన్నని రబ్బరు వాల్‌ట్యూబు తొడిగిన సైకిలు వాల్వు మన పల్లెలలో ఎల్లరకును పరిచితమే. మోటారు వాహనములకు మాత్రము, న్యూయార్కులోని ష్రేడర్ కుటుంబమునకు 1893లో పేటెంటు లభించిన నమూనా స్థిరపడినది. మోటారుసైకిలుకును, కారుకును, ట్రాక్టరుకును నేడు సామాన్యముగా వాడుకలో నున్నది అదియే.

దీని నిర్మాణము చూడదగినది. వెలుపలి ఇత్తడి గొట్టములో మరచుట్లతో బిగియు పిన్ ఒకటి కలదు. పిన్ నడుమ సన్నని కడ్డీ, కడ్డీ చివర రబ్బరు బిళ్ల, ఆ బిళ్లను పైకి లాగి పట్టు స్ప్రింగు ఉండును. పంపు గాలి వచ్చి త్రోసినప్పుడు బిళ్ల లోనికి తొలగి దారి ఇచ్చును. పంపు ఆగగానే స్వస్థానమునకు చేరును. జనము క్రిక్కిరిసిన గదికి లోనివైపు తెరచుకొను తలుపు ఉన్నచో, లోనివారి ఒత్తిడియే ఆ తలుపును మూసి పట్టునట్లు, టైరులో గాలి హెచ్చినకొలది వాల్వు మరింత గట్టిగా మూసికొనును. గాలిచేతనే గాలిని బంధించిన ఈ యుక్తి నూరేండ్లు గడచినను మారకుండుటకు కారణము దాని సరళతయే. ఐతే ఆ బిళ్లకును దాని పీటకును నడుమ ఒక్క ఇసుకరేణువు చిక్కినచో ఈ యుక్తియంతయు వ్యర్థము. పైన బిగించు చిన్న టోపీ అందులకే ఉన్నది. అది అలంకారము కాదు. దుమ్మును ఆపును, లోపల రబ్బరు వాషరున్నచో గాలికి రెండవ అడ్డుకట్టయు అగును.

కాని దమ్ముచేలలో వాల్వు చెడుటకు ముఖ్యకారణము దుమ్ము కాదు, దాని మొదలు తెగుట. దీనిని కొంత వివరముగ చెప్పవలసియున్నది. ట్రాక్టరు వెనుక టైరులో ట్యూబు ఉండును. ట్యూబునకు అతికిన వాల్వు రిమ్ములోని రంధ్రముగుండ వెలికి వచ్చును. ఇంజను బలము ఇరుసునుండి రిమ్మునకు, రిమ్మునుండి టైరు అంచునకు, అచ్చటినుండి మట్టికి చేరవలెను. రిమ్మునకును టైరు అంచునకును నడుమ మేకులు లేవు, బోల్టులు లేవు. ఉన్నది ఒరపిడి మాత్రమే, ఆ ఒరపిడికి ఆధారము అంచును రిమ్ముపై అదుముచున్న గాలి ఒత్తిడియే. బురదలో పట్టు హెచ్చునని డ్రైవర్లు వెనుక టైర్లలో గాలి తగ్గించుట వాడుక. పట్టు హెచ్చుట నిజమే. గాలి తగ్గిన టైరు నేలపై వెడల్పుగా పరచుకొనును. కాని పండ్రెండు, పదునాలుగు పాయింట్లలో (పి.ఎస్.ఐ.) ఉండవలసిన గాలి ఆరేడు పాయింట్లకు దిగినప్పుడు అంచుపై అదుపు సడలును. జిగటమట్టి టైరును పట్టుకొనును, ఇంజను రిమ్మును ముందుకు త్రిప్పును. రిమ్ము కొంచెము జారును. ట్యూబు టైరుతోడనే నిలిచిపోవును గాని వాల్వు రిమ్ము రంధ్రమున చిక్కి దానివెంట లాగబడును. నిట్టనిలువున ఉండవలసిన వాల్వు మొదట ఒరగును, పిమ్మట దాని మొదలువద్ద రబ్బరు చీలును, తుదకు ఒకనాడు తెగును.

కావున ఒరగిన వాల్వు రానున్న చేటును ముందుగా తెలుపు గురుతు. టైరు అంచుమీదుగా రిమ్ముపైకి తెల్లరంగుతో ఒక గీత గీచి విడిచినచో, కొన్నినాళ్లకు ఆ గీత రెండు ముక్కలై ప్రక్కకు జరుగుట చూచి టైరు జారుచున్నదని ఎవ్వరైనను గ్రహింపవచ్చును. దమ్ముకొరకు చక్రములకు ఇనుప కేజ్ వీల్సు బిగించిన పిమ్మట వాల్వు చేతికందుట కష్టము. ఈ పరీక్షను అంతకుముందే చేయుట మేలు.

గోదావరి ఇసుక ర్యాంపులలో బాధ వేరు. టోపీ పోయిన వాల్వులో సన్నని ఇసుక చేరి పిన్ మూసికొననీయదు. ఉదయమున కొట్టిన గాలి సాయంకాలమునకు సగమగును. భీమవరము, నరసాపురము ప్రాంతముల రొయ్యల చెరువుగట్లపై తిరుగు బండ్లకు ఉప్పునీరు శత్రువు. ఇత్తడి రాగియు యశదమును కలిసిన లోహము. ఉప్పునీటిలో యశదము కరగిపోయి, గుల్లబారిన రాగి మిగులును. పసుపువన్నె వాల్వు ఎర్రబారినచో దాని బలము పోయినదని తెలియవలెను.

ఇత్తడికి అంతకంటె క్రూరమైన వైరి అమ్మోనియా. బ్రిటిష్ సైన్యము మన దేశమున వానకాలములందు తుపాకి తూటాలను గుఱ్ఱపుసాలలలో దాచగా, వాన వెలిసిన పిమ్మట వాని ఇత్తడి తొడుగులు బీటలు వారి కనబడెడివి. గుఱ్ఱముల మూత్రమునుండి వెలువడు అమ్మోనియాయు, తయారీలో లోహమున మిగిలిపోయిన బిగువును కలిసి ఆ పగుళ్లకు కారణమైనవని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. తడిసిన యూరియా కుళ్లినప్పుడును ఈ వాయువే పుట్టును. యూరియా బస్తాలు మోసిన ట్రక్కును, పశువులపాకలో నిలిపిన ట్రాక్టరును మంచినీటితో కడుగుట శుభ్రతకొరకు మాత్రమే కాదని దీనివలన తేలుచున్నది. రబ్బరునకు ఓజోను ఇట్టిదే: సాగదీసియున్న రబ్బరుపై అది పనిచేసి, సాగిన దిశకు అడ్డముగ పగుళ్లు పుట్టించును. వంగిన వాల్వు మొదలువద్ద పగుళ్లు ముందుగా కనబడుట అందువలననే.

ఇక మార్చు విధానము. గాలి దిగుచున్నప్పుడు ముందుగ సబ్బునీటిని వాల్వు నోట పోసి చూడవలెను. నోటిలో బుడగలు లేచినచో పిన్ దోషము. వాల్వు మొదలువద్ద లేచినచో ట్యూబు దోషము. పిన్ మార్చుట స్వల్పకార్యము: చక్రమును లేపి, మొగము ప్రక్కకు త్రిప్పి, కడ్డీని నొక్కి గాలి పూర్తిగ విడిచిన పిమ్మట మాత్రమే పిన్‌ను ఊడదీయవలెను. ఒత్తిడిలో ఊడిన పిన్ కన్ను తీయగలదు. క్రొత్త పిన్‌ను చేతిబిగువునకే బిగింపవలెను. బలము చూపినచో మెత్తని వాషరు నలిగి క్రొత్త లీకు పుట్టును.

మొదలు తెగినప్పుడు అతుకువేసి వల్కనైజింగు చేయించుట ఆనాటి పనికి సరిపోవును గాని, దమ్ములో ఆ అతుకు నిలుచునని నమ్మరాదు. ట్యూబు మార్చుటయే ఉచితము. టైరు విప్పినప్పుడు రిమ్ము రంధ్రపు అంచును వ్రేలితో తడిమి చూడవలెను. అక్కడ తుప్పుపొలుసు గాని, కోసుకొనిపోవు వాడి గాని ఉన్నచో ఆకురాయితో రాచి నునుపు చేయకుండ క్రొత్త ట్యూబు వేయుట దానిని బలి ఇచ్చుటయే. ట్యూబునకు సుద్దపొడి చల్లి, వాల్వును రంధ్రమునకు సూటిగ నిలిపి, గాలికొట్టి, టైరు అంచు కూర్చున్న పిమ్మట గాలినంతయు విడిచి మరల కొట్టవలెను. మొదటిసారి ట్యూబు ముడుతలు పడి ఒకచోట సాగియుండును, రెండవసారి అది సమముగ పరచుకొనును. అంచు కూర్చుండుటకు ముప్పదియైదు పాయింట్లు మించరాదు. మించినచో అంచు తెగి ప్రాణాపాయము కలుగవచ్చును.

వెనుక టైర్లలో బరువుకొరకు నీరు నింపు ట్రాక్టర్లకు ఇంకొక విశేషము కలదు. వాటి వాల్వులో పిన్‌ను ధరించిన లోపలిగొట్టము కూడ ఊడివచ్చి, నీరు పోవుటకు విశాలమైన దారి ఏర్పడును. టైరులో ముప్పాతిక వరకు నింపవచ్చును గాని, ఈ పని చేయునపుడెల్ల వాల్వు పైభాగమున ఉండునట్లు చక్రమును త్రిప్పి నిలుపవలెను. చలిదేశములలో నీరు గడ్డకట్టకుండ కాల్షియం క్లోరైడు కలుపుదురు; అది వాల్వును, రిమ్మును తినివేయును. మన డెల్టాలో గడ్డకట్టు చలి లేదు, ఆ ఉప్పు అవసరమును లేదు. కాలువలోని బురదనీరు పిన్‌లో ఒండ్రు పేర్చును గనుక తేటనీరే వాడవలెను.

మారేడుమిల్లి కొండదారులలో తిరుగు ట్యూబులేని జీపుటైర్లకు, రిమ్ములోని 11.5 మిల్లీమీటర్ల రంధ్రములో లాగి కూర్చోబెట్టు రబ్బరువాల్వులు సామాన్యము. రాయి గాని కొమ్మ గాని తగిలినచో అవి మొదలంట తెగును. లోపల వెలుపల వాషర్లతో నట్టు బిగించు లోహపు వాల్వులు అచ్చట మేలు. అల్యూమినియపు వాల్వులో మాత్రము నికెలుపూత గల పిన్‌నే వేయవలెను, లేనిచో రెండు లోహముల నడుమ విద్యుద్రసాయన చర్య జరిగి పిన్ ఊడరాకుండ పట్టుకొనును.

మెకానిక్కు తెగిన వాల్వును మార్చి ఇచ్చునే గాని, అది తెగుటకు కారణమైన గాలిలోటును మార్చవలసినవాడు బండి తోలువాడే. జూన్ మాసమున కాలువలకు నీరు విడువకముందే, ట్రాక్టరు గల ప్రతి రైతును నాలుగు టైర్లకు టోపీలున్నవా, వాల్వులు నిలువుగా నున్నవా, గాలి తగినన్ని పాయింట్లున్నదా యని గేజి పెట్టి చూచుకొనవలెనని నా విన్నపము.