"తిన్నావా?" అంటే హలో అని అర్థం

ఈ ఎపిసోడ్‌లో పలకరింపుల గురించి మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మమ్మ రోజూ ఫోన్ చేసేది. ఎత్తగానే మొదటి మాట, "తిన్నావా నాన్నా?" ఒకరోజు విసుగొచ్చి, "రోజూ ఇదేనా అమ్మమ్మా? అడగడానికి ఇంకేం లేదా?" అనేశాను. మర్నాడు ఆ మాట రాలేదు. "బాగున్నావుగా, సరే ఉంటా మరి" అని పెట్టేసింది. పది సెకన్ల కాల్ అంతే.

కొన్నాళ్ళకి కొరియన్ డ్రామా చూస్తుంటే ఒక మాట పదే పదే వినిపించింది. "బాప్ మొగొస్సొ?" బాప్ అంటే అన్నం. అన్నం తిన్నావా అని! చైనాలో పాతతరం వాళ్ళు ఎదురుపడినా ఇదే అడుగుతారు. పక్కనే ఉన్న తమిళంలో "సాప్టియా?", పెద్దవాళ్ళనైతే "సాప్టీంగళా?" మనం తిన్నావా, తిన్నారా అని మార్చినట్టే.

వీళ్ళెవరూ మెనూ అడగట్లేదండీ. ఇంగ్లీషులో "హౌ ఆర్ యూ" అన్నవాళ్ళు మన మెడికల్ రిపోర్ట్ అడగరు కదా, ఇదీ అంతే. "నువ్వు గుర్తున్నావు, బాగుండాలి" అని చెప్పడమే.

ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళ సంగతి. మన "స్వాగతం" సంస్కృతం మాట. సు, ఆగతం. అంటే మంచి రాక. ఉర్దూలో "ఖుష్ ఆమదీద్" అన్నా భావం అదే. అరబిక్‌లో "అహ్లన్ వ సహ్లన్" అంటారు. అహ్ల్ అంటే అయినవాళ్ళు, సహ్ల్ అంటే ఎత్తుపల్లాలు లేని నేల. నీ వాళ్ళ దగ్గరికే వచ్చావు, ఇక్కడ నీకు ఇబ్బంది లేదు అని. నిజానికి మన ఇళ్ళల్లో స్వాగతం అని ఎవరంటారు? అది ఫ్లెక్సీల మీద మాట. మనం "రండి రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అంటాం. పని అదే.

వెళ్ళేటప్పుడు కూడా చూడండి. "వెళ్తాను" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తాను" అనాలి. జపాన్‌లో ఇల్లు దాటేటప్పుడు "ఇత్తెకిమాసు" అంటారు. అచ్చంగా వెళ్ళొస్తాను అనే! ఇంట్లోవాళ్ళు "ఇత్తెరష్షాయ్" అంటారు, వెళ్ళి రా అని. అంత దూరంలో ఉన్న భాషలో కూడా మళ్ళీ రావడం ముఖ్యం.

ఇదంతా తెలిశాక ఒకరోజు నేనే ఫోన్ చేసి, "తిన్నావా అమ్మమ్మా?" అన్నాను. ఒక్క క్షణం సైలెంట్. తర్వాత వంకాయ కూర దగ్గర మొదలుపెట్టి, పక్కింటి వాళ్ళ దూడ దాకా చెప్పింది. ఆ కాల్ ఇరవై రెండు నిమిషాలు!

మీకూ రోజూ ఇదే మాట అడిగేవాళ్ళు ఉంటే, ఇవాళ మీరే ముందు అడగండి. మరి నేను వెళ్ళొస్తానండీ.