రొమ్ముల హెచ్చుతగ్గులు – శస్త్రచికిత్స చేయగలిగినది, చేయలేనిది

పంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చు విషయములలో ఇది ఎన్నడును ఉండదు. వీధి దీపములను గూర్చి, మురుగు కాలువలను గూర్చి, మంచినీటి కుళాయిలను గూర్చి సభ్యులు ఎంతసేపైనను మాట్లాడుదురు. కాని పదవ తరగతి చదువుచున్న బాలిక ఒకతె ఉన్నట్టుండి బడి మానివేసి, నడివేసవిలో సైతము మెడనుండి నడుమువరకు ఓణీ చుట్టుకొని ఇంటిలో కూర్చుండిన, కారణ మేమని అడుగువారు లేరు. తల్లికి తెలియును; తండ్రికి చెప్పదు. తండ్రి సంబంధములు చూచుట మొదలిడును. ఆ పిల్ల తనకు పెండ్లి వద్దని ఏడ్చును. ఒక రొమ్ము పెరిగి రెండవది పెరుగకపోవుటయే ఆ యేడ్పునకు కారణమని ఇంటిలో మూడవ మనిషికి తెలియదు.

ఈ లోపమునకు చికిత్స కలదు. అంతకంటె ముఖ్యముగా, కొన్ని లోపములు మన ఇండ్లలో మన చేతులతోనే కలుగుచున్నవి. వానిని రాకుండ ఆపవచ్చును. నేడు మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. మగసభ్యులు ఈ వ్యాసమును చదువుటకు జంకినచో, కనీసము దానిని మహిళా సభ్యుల చేతికి, ఆశా కార్యకర్త చేతికి అందింపవలెను.

మనుష్య శరీరములో కుడి యెడమలు అచ్చు గ్రుద్దినట్లు ఒకటిగా నుండవు. చెప్పులు కొనునప్పుడు ఒక పాదమునకు సరిపోయినది రెండవదానికి బిగువగుట అందరు నెరిగినదే. రొమ్ముల విషయమును అంతే. చాలమంది స్త్రీలలో కొద్దిపాటి తేడా యుండును. ఎడమది కొంచెము పెద్దదిగా నుండుట తరచుగా కనబడును. అది రోగము కాదు. బిడ్డ ఒక ప్రక్కనే ఎక్కువగా పాలు త్రాగుటవలన వచ్చిన తేడా, పాలు మాన్పించిన తరువాత చాలవరకు సర్దుకొనును.

ఎదుగుచున్న బాలికలలో తేడా మరింత స్ఫుటముగా నుండును. ఎనిమిదవ యేటినుండి పదుమూడవ యేటిలోపల రొమ్ములు మొగ్గ తొడుగును. రెండును ఒకే దినమున మొదలుకావు. ఒక ప్రక్క చనుమొన క్రింద రేగుపండంత గట్టిది చేతికి తగులును. ముట్టిన నొప్పి పెట్టును. రెండవ ప్రక్క కొన్ని మాసములవరకు ఏమియు నుండదు. ఇచ్చటనే ఘోరమైన పొరపాటు జరుగుటకు అవకాశము కలదు. తల్లి దానిని గడ్డ యనుకొని భయపడును. అనుభవము లేనివాడు దానిని కోసి తీసివేయును. వాడు తీసివేసినది గడ్డ కాదు, రొమ్ము యొక్క విత్తనము. ఆ ప్రక్క ఇక రొమ్ము పెరుగదు. ఎనిమిది, తొమ్మిదేండ్ల బాలిక రొమ్మున గట్టిగా ఏదైన తగిలినచో, ఎర్రదనము, జ్వరము, చీము లేనంతవరకు, కత్తి పెట్టనీయరాదు. ప్రభుత్వాసుపత్రిలోని వైద్యునికి చూపిన, అల్ట్రాసౌండు పరీక్షతో నిజము తేలును.

శిశువుల విషయములో మరియొక దురాచారము కలదు. పుట్టిన కొన్ని దినములకు శిశువు రొమ్ములు ఉబ్బి, పాలవంటి ద్రవము కారుట కద్దు. ఆడుశిశువునకే కాదు, మగశిశువునకును ఇట్లగును. గర్భములో నుండగా తల్లి రక్తమునుండి సంక్రమించిన హార్మోనుల ప్రభావమిది. కొన్ని వారములలో తనంతట తానే తగ్గిపోవును. కాని స్నానము చేయించు పెద్దమ్మలు పాలు పిండకున్న గడ్డ కట్టునని చెప్పి, ఆ లేత రొమ్మును వ్రేళ్లతో పిండుదురు. నిజమునకు పిండుటవలననే చర్మము చిట్లి, సూక్ష్మజీవులు ప్రవేశించి, చీము పట్టును. మొగ్గ చీముతో నశించిన, పండ్రెండేండ్ల తరువాత ఆ ప్రక్క చదునుగా నుండిపోవును. పిండిన చేతు లెవరివో అప్పటికి ఎవరికిని జ్ఞాపక ముండదు.

ఇక కాలిన గాయములు. స్నానమునకు కాచిన నీళ్ల గంగాళమును, దింపిన గంజిని, మరుగుచున్న పులుసును చంటిపిల్లలు మీదికి లాగుకొనుట పల్లెలలో తరచుగా జరుగును. నీరు గడ్డమునుండి గుండెమీదుగా కారును. గాయము మానును, కాని మచ్చ గట్టిపడి బిగియును. చర్మము క్రింద నున్న మొగ్గ అనేక సందర్భములలో చెడదు. అది పెరుగవలసిన వయసు వచ్చినప్పుడు పైనున్న మచ్చ సాగదు. బండ క్రింద మొలకవలె రొమ్ము అణగియుండును, లేక ప్రక్కకు వంకరగా పోవును. కాలిన వెంటనే ఇరువది నిమిషములు చల్లని ధారనీటి క్రింద ఉంచి, పేస్టు, సిరా, పసుపు పూయక ఆసుపత్రికి కొనిపోయినచో గాయపు లోతు తగ్గును. పొయ్యిని గట్టుమీదికి ఎత్తి కట్టుట, వంటచోటికి చిన్న తలుపు పెట్టించుట వంటివి శస్త్రచికిత్సకంటె చవుక. అంగన్‌వాడీ వంటయింటిని పంచాయతీ సభ్యు లొకసారి చూచి రావలెను.

ఎవరి తప్పును లేక పుట్టుకతో వచ్చు లోపములును కలవు. లండనులోని గైస్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ పోలండు అను వైద్యవిద్యార్థి 1841లో ఒక మృతదేహమును పరీక్షించుచు, ఒక ప్రక్క గుండెమీది కండరము లేకుండుటను, ఆ ప్రక్క చేతివ్రేళ్లు కలిసియుండుటను గమనించి వ్రాసెను. ఇట్టి లోపముతో పుట్టిన ఆడుపిల్లలకు ఆ ప్రక్క రొమ్ము చిన్నదిగా నుండును, లేక అసలే యుండదు. గ్రహణ సమయమున తల్లి బయటికి వచ్చుటవలన ఇట్లయినదని నిందించుట అన్యాయము.

ముందు పరీక్ష, తరువాత రూపము

పెరుగుదల పూర్తియైన స్త్రీకి, ఇన్నాళ్లు లేని తేడా క్రొత్తగా కనబడినచో, అది అందమునకు సంబంధించిన విషయము కాదు. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ తగులుట, చర్మము సొట్టపోవుట, బత్తాయి తొక్కవలె గరుకగుట, చనుమొన లోపలికి పోవుట, దానినుండి నెత్తురు కారుట – ఇవి క్యాన్సరు గుర్తులు కావచ్చును. నొప్పి లేదు గనుక ప్రమాదము లేదనుకొనరాదు. ఆరంభమున క్యాన్సరు గడ్డకు సాధారణముగా నొప్పి యుండదు. సూదితో పరీక్ష చేసిన రోగము పాకునను భయము నిరాధారము. సిగ్గుచేత ఒక సంవత్సరము దాచిన గడ్డకును, ఒక నెలలో చూపిన గడ్డకును మధ్య నున్న తేడా అనేక సందర్భములలో ప్రాణమే. అన్ని గడ్డలును క్యాన్సరు కావు. యువతులలో ఫైబ్రోఎడినోమా అను మెత్తగా జరుగు గడ్డ పెద్దదై ఒక రొమ్మును రెండింతలు చేయుట కలదు. ఆ గడ్డను తీసివేసిన చాలును, తక్కినది సర్దుకొనును.

శస్త్రవైద్యుడు చేయునది

‘ప్లాస్టిక్ సర్జరీ’ అనగా శరీరములో ప్లాస్టిక్ పెట్టుట యని మన గ్రామములలో అనేకుల అభిప్రాయము. గ్రీకు భాషలో ఆ మాటకు, కుమ్మరి మట్టిని మలచినట్లు రూపము దిద్దుట అని అర్థము. ప్లాస్టిక్ వస్తువు పేరును ఆ మాటనుండియే పుట్టినది. చికిత్సకు దానితో పని లేదు.

కాలిన మచ్చ బిగించినచోట, వైద్యుడు ఆ మచ్చను కోసి వదులు చేసి, ఏర్పడిన ఖాళీలో తొడనుండి తీసిన పలుచని చర్మమును అతుకును. మామిడికి అంటు కట్టుటవంటిదే ఇది. అణగియున్న రొమ్ము విప్పారును. దీనికి పదునెనిమిదేండ్లు నిండవలెనని ఆగరాదు. రొమ్ము పెరుగుట మొదలిడిన సమయముననే వైద్యునికి చూపవలెను. పెరుగుదలను బట్టి రెండవసారి చేయవలసి రావచ్చును. ఇన్ని శస్త్రచికిత్సలలో తక్కువ ఆర్భాటముతో ఎక్కువ మేలు చేయునది ఇదియే యని నా యభిప్రాయము.

తక్కిన లోపములకు సాధారణముగా పెరుగుదల ముగియువరకు, అనగా సుమారు పదునెనిమిదవ యేటివరకు, ఆగుట మంచిది. అప్పటికి చాలమందిలో తేడా తానే తగ్గును. తగ్గనిచో మార్గములు కలవు. రెండింటిలో ఏది ఆ స్త్రీ శరీరమునకు తగినట్లున్నదో నిర్ణయించి, రెండవదానిని దానికి సమీపముగా తెచ్చుటయే వైద్యుని పని.

పెద్దదానిని తగ్గించు శస్త్రచికిత్సలో కొంత గ్రంథిని, కొవ్వును, చర్మమును తీసివేసి, చనుమొనను పైకి జరుపుదురు. అధిక భారముచేత మెడనొప్పి, భుజములమీద పట్టీల ఒరపిడి, రొమ్ము క్రింద చెమటపుండ్లు గల స్త్రీలకు ఇది రూపము మాత్రమే కాదు, సుఖమును ఇచ్చును. తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. మచ్చలు మిగులును, చనుమొన చుట్టును, దాని క్రిందికిని, రొమ్ము మడతలోను గీతలుండును. కొందరిలో పాలిచ్చు శక్తి తగ్గును. ఇంకను బిడ్డలు కావలసిన స్త్రీకి ఈ మాట ముందుగా చెప్పవలెను. కేవలము జారిన రొమ్మునకు చర్మము మాత్రము తీసి పైకి ఎత్తుట కలదు.

చిన్నదానిని పెంచుటకు సిలికాను సంచిని రొమ్ము వెనుకగాని, గుండెకండరము వెనుకగాని అమర్చుదురు. అమెరికాలోని హ్యూస్టను నగరమున 1962లో క్రోనిన్, జెరో అను వైద్యులు ఈ పద్ధతిని మొదలిడిరి. నాటినుండి లక్షలమంది స్త్రీలు ఈ సంచులను పెట్టించుకొనిరి. కాని ఇవి జీవితకాలపు వస్తువులు కావు. చుట్టును గట్టిపొర ఏర్పడి బిగియవచ్చును, సంచి చిరుగవచ్చును, మార్చుటకు మరల శస్త్రచికిత్స కావలసి రావచ్చును. గరుకు పైభాగము గల కొన్ని సంచుల చుట్టును అరుదైన ఒక క్యాన్సరు వచ్చుచున్నదని తేలగా, 2019లో ఒక కంపెనీ వానిని ప్రపంచ విపణినుండి వెనుకకు తీసికొనెను. కనుక ఏ రకపు సంచి పెట్టిరో తెలుపు చీటీని స్త్రీ జీవితాంతము భద్రపరచుకొనవలెను. చర్మము చాలనిచోట, మొదట ఉబ్బు సంచి నొకదానిని పెట్టి, కొన్ని వారములపాటు ఉప్పునీటితో కొంచెము కొంచెముగా నింపి, చర్మమును సాగదీయుదురు.

మరియొక పద్ధతిలో పొట్టనుండి, తొడలనుండి కొవ్వును గొట్టముతో తీసి చిన్న రొమ్ములోనికి ఎక్కింతురు. పరాయి వస్తువు లేదు, పెద్ద మచ్చ లేదు. కాని ఎక్కించిన కొవ్వులో కొంతభాగము శరీరములో ఇంకిపోవును. రెండు మూడు మారులు చేయవలసి వచ్చును. బక్కపలుచని పిల్లలకు తీయుటకు కొవ్వే యుండదు.

క్యాన్సరుచేత రొమ్మును తీసివేసిన స్త్రీకి ఆమె వీపు కండరముతోగాని, పొట్టమీది కొవ్వుతోగాని క్రొత్త రొమ్మును నిర్మింపవచ్చును. తన శరీరముతోనే తన లోపమును పూరించు ఈ యాలోచన పాతదే. జర్మనీలోని హైడెల్‌బెర్గులో చెర్నీ అను వైద్యుడు 1895లో ఒక గాయని రొమ్మునుండి గ్రంథిని తీసివేసి, ఆమె నడుము ప్రక్కనున్న కొవ్వుగడ్డను తెచ్చి ఆ ఖాళీలో ఉంచెను.

రెండు రొమ్ములును అచ్చముగా ఒకటియగునని ఏ వైద్యుడైనను వాగ్దానము చేసిన నమ్మరాదు. దగ్గరగా వచ్చును, అంతే. పూతమందులు, మాత్రలు, మర్దనలు, సంతలో అమ్ము తైలములు రొమ్మును పెంచవు. శస్త్రచికిత్స వలదనుకొను స్త్రీకి చవుకైన ఉపాయ మొకటి కలదు: లోదుస్తులో చిన్న ప్రక్క కుట్టించుకొను దూదిమెత్త. దానితోనే తృప్తిపడి జీవించు స్త్రీలు అనేకులు.

హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి, నిమ్సు, విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రులలో ప్లాస్టిక్ సర్జరీ విభాగములు కలవు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో క్యాన్సరు శస్త్రచికిత్సలు, కాలిన మచ్చల బిగువు తీయు చికిత్సలు చేరియున్నవి. నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకమునకు ఎన్.టి.ఆర్. వైద్య సేవ యని పేరు. కేవలము రూపము కొరకైన చికిత్సకు ఇట్టి సహాయము సాధారణముగా దొరకదు. తమిళనాడు ప్రభుత్వము 2018లో చెన్నైలోని స్టాన్లీ ఆసుపత్రిలో బీదలకు ఈ చికిత్సను కూడ ఉచితముగా మొదలిడెను. అప్పుడు కొందరు నవ్విరి. బడి మానిన పిల్లను చూచినవారు నవ్వలేరు. మన ఆసుపత్రులలో ఏది ఉచితమో, ఏది కాదో అచ్చటి ఆరోగ్యమిత్రను అడిగిన చెప్పును.

ఆసుపత్రికి పంపునప్పుడు రహస్యము కాపాడవలెను. ఫలానా వారి పిల్లకు ఇట్టి లోపము కలదని పంచాయతీ కార్యాలయములో గాని, టీ దుకాణమువద్ద గాని మాట బయటపడినచో, చికిత్స బాగుపరచినదానిని మాట పాడుచేయును. ఆశా కార్యకర్తయో, మహిళా సభ్యురాలో ఒకరు తోడుపోయిన చాలును.

ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ త్రాగు స్త్రీలు కలరు. శస్త్రచికిత్సకు కనీసము నాలుగు వారములు ముందుగా చుట్ట మానవలెను. లేనిచో రక్తము సరిగా అందక కుట్లు మానవు. ఇంటికి వచ్చిన తరువాత సుమారు ఆరు వారములు బిందె ఎత్తరాదు, రోలు పొత్రము పట్టరాదు, నాట్లకు, ప్రత్తి తీతకు పోరాదు. కూలికి పోవు ఇంటిలో ఈ ఆరు వారములు గడచుట శస్త్రచికిత్సకంటె కష్టము. ఆ యింటికి రెండు బిందెల నీళ్లు ఎవరు తెచ్చి పోయుదురో, ఆమె ఆసుపత్రికి బయలుదేరకముందే వాడలో మాట్లాడి పెట్టవలెను.