పాత కారుకు మరల ఊపిరి

కమ్మరి కొలిమి వద్ద కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి బోధపడును. బొగ్గులు ఎన్ని పోసినను, తిత్తి ఊదనిదే ఇనుము ఎఱ్ఱబడదు. నిప్పుకు ఆహారము బొగ్గు మాత్రమే కాదు, గాలి కూడ. మోటారుకారు ఇంజనుకును ఇదే న్యాయము వర్తించును. పెట్రోలు పోయుట సులభము. దానిని కాల్చుటకు చాలినంత గాలిని లోనికి పంపుటయే కష్టము. ఇంజనుకు తిత్తివలె ఉపకరించు సాధనమే టర్బోచార్జరు. ఇట్టి తిత్తిగల కారు ఒకటి ఏండ్ల తరబడి మూలపడి యున్నచో, స్వల్పవ్యయముతో దానిని మరల పందెములో పరుగెత్తించుట ఎట్లు? అమెరికాలో కొందరు ఔత్సాహికులకు ఇది సెలవుదినముల వినోదము. కాని ఈ వినోదములో భౌతికశాస్త్రము చాల ఇమిడి యున్నది. పొరపాటు జరిగినచో ప్రాణాపాయమును కలదు.

నిమ్మకాయల పందెము

ఫ్రాన్సులోని లె మాన్ పట్టణమున 1923లో ఆరంభమైన ఇరువదినాలుగు గంటల కారు పందెము లోకప్రసిద్ధము. పెద్ద కంపెనీలు విస్తారముగ ధనము వెచ్చించి అచట పోటీ చేయును. ఇక అమెరికా వాడుకభాషలో పనికిమాలిన కారును 'లెమన్', అనగా నిమ్మకాయ, అని పిలుతురు. ఈ రెండు మాటలను పరిహాసముగ కలిపి 'ట్వెంటీఫోర్ అవర్స్ ఆఫ్ లెమన్స్' అను పందెమును జే లామ్ అను పాత్రికేయుడు 2006లో కాలిఫోర్నియాలో ప్రారంభించెను. కొత్త బండి కొన్నపుడు చక్రము క్రింద నిమ్మకాయ పెట్టి తొక్కించు తెలుగువారికి ఈ పేరు వింతగా తోచవచ్చును. ఇచట నిమ్మకాయ చక్రము క్రింద ఉండదు, చక్రములపైననే పరుగెత్తును!

ఈ పందెమునకు పెట్టిన ముఖ్యనియమము ఒకటి కలదు. కారు కొనుటకును, దానిని పరుగెత్తునట్లు చేయుటకును 500 డాలర్లకు మించి ఖర్చు చేయరాదు. అంతకు మించినదని న్యాయనిర్ణేతలకు తోచినచో, మించిన ప్రతి 10 డాలర్లకు ఒక చుట్టు చొప్పున తగ్గింతురు. కారులో అక్కఱలేని భాగములను అమ్మి, వచ్చిన సొమ్మును లెక్కలో తీసివేసికొనవచ్చును. పందెములో అత్యున్నత గౌరవము అధికముగ చుట్లు తిరిగిన కారుకు కాక, మిక్కిలి అధ్వాన్నమైన కారుతో ఆశ్చర్యకరముగ నెగ్గుకొని వచ్చిన జట్టుకు లభించుట మరియొక విశేషము.

అయితే పొదుపు నియమము వర్తించని భాగములు కొన్ని కలవు. చోదకుని చుట్టు అమర్చు ఉక్కుగొట్టముల పంజరము, ఆసనము, బిగింపు పట్టీలు, అగ్నినిరోధక సాధనములు, బ్రేకులు, టైర్లు, చక్రములు ఈ 500 డాలర్ల లెక్కలోనికి రావు. ఇంజనులో పేదరికము ఉండవచ్చును గాని, ప్రాణరక్షణలో ఉండరాదని దీని భావము.

చిన్నచూపునకు గురియైన కారు

ఇట్టి పందెములకు తగిన పాతకార్లలో పోర్షే 924 టర్బో ఒకటి. 924 కారు 1976లో బయటికి వచ్చెను. దాని ఇంజను బొత్తిగ కొత్తది కాదు. వోక్స్‌వాగన్, ఆడి సంస్థల వాహనములలో వాడిన రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకు సంబంధించినదే. ఆ జాతి ఇంజనును సామాను మోయు వ్యానులో కూడ అమర్చిరి. అందుచేత గొప్ప పేరుగల సంస్థ తయారు చేసినను, ఈ కారును రసికులు కొంత చిన్నచూపు చూచిరి. ధర తక్కువగుటకు అదియు ఒక కారణము. నిజమునకు దాని నిర్మాణము మెచ్చదగినది. ఇంజను ముందును, గేరుపెట్టె వెనుకను ఉండుటచే బరువు రెండు ఇరుసులపై ఇంచుమించు సమముగ పడును. మలుపులలో కారు తొట్రుపడదు.

టర్బో అమర్చిన రకము 1978లో వెలువడెను. ఐరోపాలో అమ్మిన మామూలు 924 కారుకు 125 అశ్వబలము ఉండగా, టర్బో రకమునకు 170 లభించెను. ఈ వంశమునకే చెందిన పందెపుకార్లు 1980 నాటి లె మాన్ పందెములో 6వ, 12వ, 13వ స్థానములలో నిలిచినవి. కనుక చిన్నచూపునకు గురియైన ఈ ఇంజనుకు దీర్ఘకాలము పరుగెత్తు శక్తి లేకపోలేదు. చిక్కంతయు అది పాతబడిన తరువాతనే. మరమ్మతు ఖర్చు కారు వెలను మించిపోవును. యజమాని దానిని ఒక మూల నిలుపును. ఎలుకలు, త్రుప్పు తమ పని తాము చేసికొనును.

పోవు పొగతో వచ్చు గాలి

మామూలు ఇంజను, ముషలకము క్రిందికి దిగినపుడు ఏర్పడు వెలితిలోనికి, వాతావరణ పీడనము త్రోసినంత గాలినే పీల్చుకొనును. రెండు లీటర్ల ఇంజను నిమిషమునకు 5,500 మార్లు తిరిగినచో, పీల్చగల గాలి సుమారు 5,500 లీటర్లు మాత్రమే. మఱోవైపు, కాలిన వాయువులు మిక్కిలి వేడితో, వేగముతో పొగగొట్టము గుండ వ్యర్థముగ పోవుచుండును. ఈ వ్యర్థశక్తితో ఒక చిన్న చక్రమును త్రిప్పి, అదే ఇరుసుకు రెండవ కొనయందున్న మరియొక చక్రముచే గాలిని ఇంజనులోనికి ఊదించవచ్చును. ఆల్ఫ్రెడ్ బ్యూషి అను స్విట్జర్లాండు ఇంజనీరు 1905లో ఈ సూత్రముపై పేటెంటు పొందెను. ఈ చక్రములు నిమిషమునకు లక్షకు పైగా తిరుగుట సామాన్యము.

ఈ కారులో టర్బో వలన లభించు అదనపు పీడనము వాతావరణ పీడనములో సుమారు పదింట ఏడు వంతులు. అనగా గాలి 1.7 రెట్ల పీడనముతో లోనికి పోవును. మరి బలము కూడ 1.7 రెట్లు ఏల కాలేదు? సైకిలు పంపుతో గాలి కొట్టినవారికి దీని సమాధానము తెలియును. పంపు అడుగుభాగము చేతికి వేడిగ తగులును. గాలిని నొక్కినచో అది వేడెక్కును. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలుచబడును. 27 డిగ్రీల గాలిని టర్బో 1.7 రెట్లకు నొక్కునప్పటికి అది సుమారు 97 డిగ్రీల వేడి నందును. అందుచే నిజముగ లోనికి పోవు గాలి 1.4 రెట్లే. 125 నుండి 170కి పెరిగిన బలము ఈ లెక్కకు దగ్గరగనే ఉన్నది.

వేడిగాలి వలన మరియొక అపాయము కలదు. సిలిండరులో పెట్రోలు నిప్పురవ్వ వలన క్రమముగ అంటుకొనవలెను. గాలి మితిమీరి వేడెక్కియున్నచో, మంట చేరకమునుపే మిగిలిన మిశ్రమము తనంత తానే ప్రేలును. సుత్తితో కొట్టినట్లు టకటక శబ్దము వినవచ్చును. దీనినే మెకానిక్కులు 'నాకింగు' అందురు. ఇట్లే కొంతకాలము సాగినచో ముషలకములు పగులును, కరగును. దీనిని నివారించుటకే 924 టర్బోలో సంపీడన నిష్పత్తిని 7.5కు తగ్గించిరి. పీడనము హద్దు మీరినపుడు పొగను చక్రముపైకి పోనీయక ప్రక్కదారి పట్టించు వాల్వు కూడ ఒకటి కలదు. దాని పేరు వేస్ట్‌గేట్.

తొందరపడి తాళము త్రిప్పరాదు

మూలపడిన కారు దొరికినంతనే బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పవలెనని ఎవరికైన ఉబలాటము కలుగును. అనేక ఇంజనులు ఆ క్షణముననే చెడిపోవును. నిలిచియున్న ఇంజనులో నూనె అంతయు అడుగునకు దిగి, సిలిండరు గోడలు ఎండియుండును. అందుచే ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క సిలిండరులో కొలదిగ నూనె పోసి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, పానాతో చేతితోనే మెల్లగ త్రిప్పి చూడవలెను. పాత నూనెను, నూనె వడపోతను మార్చవలెను. వాల్వులను నడపు పండ్లబెల్టు రబ్బరుది. పైకి బాగుగ కనిపించినను వయస్సుచే పెళుసుబడి యుండును. దానిని మార్చకుండ ఇంజనును నడుపరాదు.

తరువాత ప్రతి సిలిండరులోని పీడనమును కొలువవలెను. నాలుగింటిలో ఒకటి మిక్కిలి తక్కువ చూపినచో, దానిలో చెంచాడు నూనె పోసి మరల కొలువవలెను. పీడనము పెరిగినచో ముషలకపు రింగులు అరిగినవని అర్థము. పెరగనిచో వాల్వుగాని, ఇంజను తలక్రింది గాస్కెట్టుగాని చెడినది. ఒక్క చెంచా నూనెతో ఇంజను విప్పకయే లోపలి రోగము ఇట్లు బయటపడును.

ఇంధనమార్గము మరియొక చిక్కు. పెట్రోలు చాలకాలము నిలువయున్నచో జిగురుగ మారును. ఈ కారులోని బాష్ కంపెనీ వారి కె-జెట్రానిక్ పద్ధతిలో, లోనికి పోవు గాలి ఒక పళ్లెమును పైకెత్తును. ఆ పళ్లెము ఒక సన్నని కడ్డీని కదల్చి, సిలిండర్లకు పోవు పెట్రోలును హెచ్చించును. ఆ కడ్డీ జిగురుతో బిగిసినచో గాలి హెచ్చినను పెట్రోలు హెచ్చదు. సరిగ కాలుటకు 1 పాలు పెట్రోలుకు బరువున సుమారు 14.7 పాళ్ల గాలి చాలును. టర్బో ఊదునపుడు పెట్రోలు తగ్గినచో మంట మరింత వేడెక్కి, పైన చెప్పిన ప్రేలుడునకు దారి తీయును. కనుక టాంకును కడిగి, పాత రబ్బరు గొట్టములన్నియు మార్చి, కడ్డీని శుభ్రపరచిన పిమ్మటనే ఇంజనును నడుపవలెను.

మాడిన నూనె

టర్బో ఇరుసు ఇనుముపై ఇనుము ఒరసికొనుచు తిరుగదు. బేరింగులో పలుచని నూనెపొరపై తేలుచు తిరుగును. గాలిగొట్టము ఊడదీసి ఇరుసును వ్రేళ్లతో కదల్చి చూడవచ్చును. నూనెపొరకు చోటుండవలెను గనుక ప్రక్కలకు కొంచెము కదలుట సహజమే. కాని చక్రపు రెక్కలు గోడకు తగులరాదు. ముందువెనుకలకు కదలిక ఇంచుమించు ఉండరాదు. పొగ నీలిరంగుగ వచ్చుచున్నచో నూనె మండుచున్నదని అర్థము. అది వచ్చు దారులలో టర్బో ఒకటి.

ఈ బేరింగు చెడుటకు ముఖ్యకారణము మన వంటయింటిలోనే కనిపించును. పొయ్యి ఆర్పకుండ మూకుడులో కొంచెము నూనె మిగిల్చినచో, అది మాడి నల్లని మడ్డిగ అంటుకొనును. బాగుగ పరుగెత్తిన కారును చప్పున ఆపినచో నూనె పంపు ఆగును. కాని పొగవైపు చక్రపు గూడు ఇంకను నిప్పువలె వేడిగ ఉండును. ఆ వేడి బేరింగులోనికి ప్రాకి, నిలిచియున్న నూనెను మాడ్చును. ఆ మడ్డి సన్నని నూనెదారులను పూడ్చివేయును. 924 టర్బోలో ఈ బేరింగునకు నూనె తప్ప మరియొక చల్లదనము లేదు. తరువాత 1985లో వచ్చిన 944 టర్బోలో దాని చుట్టు నీటిమార్గము నిర్మించి, ఇంజను ఆగిన పిమ్మట కూడ నీటిని త్రిప్పుటకు విద్యుత్పంపు నమర్చిరి. ఈ సదుపాయము లేని పాత కారును ఆపుటకు ముందు కొన్ని నిమిషములు మెల్లగ తిరుగనిచ్చుటయే ఔషధము. దీనికి కాసు ఖర్చు లేదు, ఓపిక చాలును.

అత్యాశ చేటు

కారు పరుగెత్త నారంభించిన పిమ్మట జట్టువారికి మరియొక ఆశ కలుగును. వేస్ట్‌గేట్ స్ప్రింగును బిగించినచో పీడనము హెచ్చును గదా! లెక్క చూచినచో ఈ ఆశ ఎంత ఖరీదైనదో తెలియును. పీడనమును 1.7 రెట్ల నుండి 2 రెట్లకు పెంచినచో, పీడనము నూటికి 18 వంతులు పెరుగును. లోనికి పోవు గాలి మాత్రము నూటికి 10 వంతులే పెరుగును. గాలి వేడియో, 97 డిగ్రీల నుండి సుమారు 120 డిగ్రీలకు ఎక్కును. పదిపాళ్ల లాభమునకై ఇంజనునే పణముగ ఒడ్డినట్లగును. నొక్కిన గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు ఉన్నచో ఈ నష్టము తగ్గును. సాధారణ 924 టర్బోకు అది లేదు. దీర్ఘకాలపు పందెములో ఒక్క చుట్టును వేగముగ తిరుగువాడు కాదు, రెండు దినములు ఆగక తిరుగువాడే నెగ్గును. కనుక వివేకము గల జట్టు పీడనమును పెంచక, అవసరమైనచో తగ్గించియే నడుపును.

చివరకు బ్రేకులు, అగ్ని. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ నీరు బ్రేకుల వేడికి ఆవిరియైనచో, పాదము ఎంత నొక్కినను బ్రేకు పట్టదు. కొత్త ద్రవము, కొత్త రబ్బరు ముద్రలు లేనిదే కారు పందెమునకు పోరాదు. అట్లే టర్బోకు పోవు నూనెగొట్టము పగిలినచో, వేడిగొట్టముపై నూనె చిమ్మి మంటలు లేచును. ఈ గొట్టముల ఖరీదు తక్కువ. వాని నిర్లక్ష్యమునకు చెల్లించు మూల్యము ఒక ప్రాణము కావచ్చును. అందుకే ఇంజను బలమును గూర్చి పరిహాసములాడు ఆ పందెము, పంజరమును, పట్టీలను, మంట ఆర్పు సాధనమును గూర్చి మాత్రము పరిహాసమాడదు.

పనికిరాదని మూల పడవేసిన యంత్రము పలుమారు నిజముగ చచ్చినది కాదు. ఒక దారి పూడియుండును, ఒక రబ్బరు ఎండియుండును, ఒక కడ్డీ బిగిసియుండును. ఏది ఎందుచే ఆగినదో తెలిసికొనినవానికి మరమ్మతులో సగము పని అయినట్లే. మిగిలిన సగము, ఎచట పొదుపు చేయవచ్చునో, ఎచట చేయరాదో ఎరుగుట.